పోర్ట్‌ఫోలియో దేనిలో పెట్టాలి: ఇన్‌స్టానా, వెబ్‌సైటా, పీడీఎఫా, ప్రింటా?

మొన్న వేసవిలో మా మేనల్లుడు బరంపురం నుంచి మా ఊరు పర్లాకిమిడికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఇన్‌స్టాలో నాలుగు వందల పైచిలుకు ఫొటోలు. గోపాల్‌పూర్ లైట్‌హౌస్, కాలేజీ ఫేర్‌వెల్, ఎవరిదో బుల్లెట్ బండి, పెసరట్టు, చందమామ, మళ్లీ లైట్‌హౌస్. విశాఖలో ఒక స్టూడియోవాళ్లు సెకండ్ కెమెరాకి, అంటే పెళ్లిళ్లలో మెయిన్ ఫొటోగ్రాఫర్ పక్కన రెండో కెమెరా పట్టడానికి, కుర్రాడి కోసం చూస్తున్నారట. పోర్ట్‌ఫోలియో, అంటే తీసినవాటిలో మంచివి ఏరి పెట్టింది, పంపమన్నారట. వీడు ఇన్‌స్టా లింకు పంపాడు. వారం దాటినా ఉలుకూ పలుకూ లేదు.

"మావయ్యా, ఫొటోలు బాగాలేవా?" అన్నాడు.

ఫొటోల్లో మంచివి ఉన్నాయి. కానీ నాలుగు వందల్లో ఆ మంచివి ఏవో వెతికే పని అవతలివాళ్ల నెత్తిన పెట్టాడు. పెళ్లిళ్ల సీజన్‌లో ఉన్న స్టూడియో ఓనరుకి అంత తీరిక ఎక్కడిది?

గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి కూడా పిల్లలు ఇదే అడుగుతుంటారు. కెమెరా ఏది కొనాలన్న ప్రశ్న తర్వాత ఎక్కువగా వినపడేది ఇదే. మన ముందు నాలుగు దారులున్నాయి: ఇన్‌స్టా పేజీ, వెబ్‌సైటు, పీడీఎఫ్, కాగితం మీద ప్రింట్లు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. చిన్న ఊళ్లో కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు పన్నెండు ప్రింట్లు తీయించి, ఆ పన్నెండే పీడీఎఫ్ చేసుకోవాలి. ఇన్‌స్టా ఎలాగూ ఉంటుంది. వెబ్‌సైటుకి తొందర లేదు. ఇది అందరికీ సరిపోయే మాట కాదు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ముందు చూసుకోవలసినవి

చూసేది ఎవరన్నది మొదటి లెక్క. ఆల్బమ్ బుక్ చేసే పెళ్లికూతురి తండ్రి, స్టూడియో ఓనరు, కాలేజీ ఇంటర్వ్యూలో కూర్చునే మాస్టారు, ముగ్గురూ మూడు రకాలుగా చూస్తారు. తండ్రి మొహాలు చూస్తాడు. ఓనరు ఫోకస్, స్కిన్ టోన్, గుంపులో నువ్వు ఎక్కడ నిలబడ్డావు అన్నది చూస్తాడు. మాస్టారు ఒక ఫొటోకీ తర్వాతిదానికీ సంబంధం ఏమిటని చూస్తాడు.

రెండోది, ఎక్కడ చూస్తారు. పగిలిన ఫోన్ స్క్రీన్ మీదా, ఆఫీసు కంప్యూటర్లోనా, ఇంట్లో మంచం మీద కూర్చునా? మన ఊళ్లలో నెట్ సంగతి మీకు తెలుసు. ఘాట్ రోడ్డు ఎక్కాక సిగ్నల్ ఎక్కడ పోతుందో, ఎక్కడ తిరిగి వస్తుందో దానిష్టం.

ఖర్చు మూడోది. ఒకసారి పెట్టేదా, ఏటా కట్టేదా అని విడదీసి చూడాలి. నాలుగోది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ పద్ధతి మీ చేత ఎన్ని ఫొటోలు తీసేయిస్తుంది? ఇన్‌స్టా ఒక్కటి కూడా తీసేయించదు, ఇంకా పెట్టమంటుంది. ప్రింటుకి ఒక్కోదానికీ డబ్బు పోతుంది కాబట్టి చెయ్యి ఆగుతుంది. నేను ప్రింటు వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే.

| | ఇన్‌స్టా | వెబ్‌సైటు | పీడీఎఫ్ | ప్రింట్లు |
|---|---|---|---|---|
| ఖర్చు | లేదు | ఉచితంగానూ దొరుకుతుంది, సొంత పేరు కావాలంటే ఏటా కట్టాలి | లేదు | పన్నెండుకి ఇంచుమించు ఒక మెమరీ కార్డు ధర |
| నెట్ లేని చోట | చూపలేం | చూపలేం | ఫోన్‌లో ఉంటే చూపొచ్చు | బెంగ లేదు |
| కొత్త ఫొటో చేర్చాలంటే | నిమిషం | పది నిమిషాలు | ఫైలు మళ్లీ చేయాలి | ల్యాబ్‌కి వెళ్లాలి |
| నాణ్యత | యాప్ కుదించేస్తుంది | చాలావరకు మన చేతిలో | మన చేతిలో | ల్యాబ్‌ని బట్టి |
| వరస | కొత్తవి పైన, పాతవి కింద | మనం పెట్టినట్టు | మనం పెట్టినట్టు | మనం పెట్టినట్టే, చూసేవాళ్లు కలిపేసేదాకా |
| దూరం పంపాలంటే | లింకు చాలు | లింకు చాలు | మెయిల్, వాట్సాప్ | మనమే పట్టుకెళ్లాలి |

అంతకంటే ముందు ఏరివేత

దేనిలో పెట్టినా ముందు ఏరాలి. మా వాడితో చేయించిన పద్ధతి చెబుతాను. నాలుగు వందల్లోంచి వాడి చేతనే నలభై తీయించాను. అవి చిన్న సైజులో, నాలుగు బై ఆరు అంగుళాలు, ప్రింట్ చేయించాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నేల మీద పరిచాం. ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపేశాం. ఏప్రిల్ ఎండ, ఇద్దరికీ చెమటలు. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి "మీకేమైనా పిచ్చా?" అంది.

ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి చూస్తే కనపడని సంగతులు నేల మీద కనపడ్డాయి. నలభైలో తొమ్మిది సూర్యాస్తమయాలు. ఆరు ఫొటోల్లో మనుషులు వీపు తిప్పి ఉన్నారు, అంటే వీడికి ఎదురుగా వెళ్లి తీయడానికి మొహమాటం. ఒకే పడవ మూడు చోట్ల. పక్కపక్కన పెడితే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. మింగేసినదాన్ని ఉంచి, రెండోదాన్ని పక్కకి నెట్టాం. సాయంత్రానికి పద్నాలుగు మిగిలాయి. వాటిలో ఒకటి లైట్‌హౌస్. గోపాల్‌పూర్ వెళ్లిన ప్రతివాడి ఫోన్‌లోనూ ఆ ఫొటో ఉంటుందిరా, తీసెయ్యి అన్నాను. "అది నా మొదటి ఫొటో మావయ్యా" అన్నాడు. అదే చిక్కు. ఆ ఫొటో కోసం తెల్లవారుజామున లేచాం, వానలో తడిశాం, ఫస్ట్ కెమెరాతో తీశాం. ఇవేవీ చూసేవాడికి కనపడవు.

పన్నెండే ఎందుకు, ఇరవై ఎందుకు కాదు అంటే దానికి శాస్త్రం ఏమీ లేదు. కొత్తవాళ్ల దగ్గర నిజంగా నిలబడే ఫొటోలు పది, పదిహేనుకి మించి ఉండటం నేను చూడలేదు. పదమూడోది బలహీనంగా ఉంటే మిగతా పన్నెండూ గాలివాటంగా వచ్చాయేమో అన్న అనుమానం చూసేవాడికి కలుగుతుంది.

ఇన్‌స్టా

దీన్ని తీసిపారేయను. మన దగ్గర పెళ్లి బుకింగుల వాకబు చాలావరకు ఇందులోనే మొదలవుతోంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ముందు రీల్సే చూస్తారు. పేజీ లేని ఫొటోగ్రాఫర్ అంటే బోర్డు లేని కొట్టు లాంటివాడు.

కానీ బోర్డు వేరు, సరుకు వేరు. ఇన్‌స్టా ఫొటోని 1080 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి పెట్టుకుంటుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ప్రింట్ వేస్తే అది మూడున్నర అంగుళాల పైన కొంచెం. అందులోంచి దించుకుని ఎవరూ మీ పని నాణ్యత చూడలేరు. అడ్డం ఫొటోలకి మరీ అన్యాయం, ఫోన్‌లో అవి చీలికల్లా కనిపిస్తాయి. పైగా మనం ఏం తీయాలో లైకులు చెప్పడం మొదలుపెడతాయి.

పేజీ పెట్టుకుంటే రెండు వేరు చేయండి. స్నేహితులు, బుల్లెట్ బండ్లు, పెసరట్లు ఒక అకౌంట్‌లో. పని ఇంకో అకౌంట్‌లో. పని అకౌంట్‌లో మీ పన్నెండింటిలో మంచివి మూడు పైన పిన్ చేయండి. బయోలో ఊరి పేరు రాయండి. ఇది చాలామంది మరిచిపోతారు. బరంపురంలో ఫొటోగ్రాఫర్ కోసం వెతికేవాడికి మీరు బరంపురంలో ఉన్నారని ఎలా తెలుస్తుంది?

వెబ్‌సైటు

క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మొదటి ఏడాది మీకు దీని అవసరం తక్కువ. బిహాన్స్ అనే సైటులో ఉచితంగా ప్రాజెక్టులు పెట్టుకోవచ్చు. ఫ్లికర్ ఉచిత ఖాతాలో వెయ్యి ఫొటోల దాకా ఉంచుకోవచ్చు. గూగుల్ సైట్స్‌తో ఒక పేజీ కట్టడానికి ఓ మధ్యాహ్నం చాలు. అడోబీ క్రియేటివ్ క్లౌడ్‌కి నెలనెలా కడుతున్నవాళ్లకి సైటు కట్టుకునే అడోబీ పోర్ట్‌ఫోలియో దానితోనే వస్తుంది, వేరే డబ్బు అక్కర్లేదు.

సొంత పేరుతో డొమైన్, అంటే సైటు అడ్రసు, కొనడం ముచ్చటగానే ఉంటుంది. నేనూ కొన్నాను. విజిటింగ్ కార్డులు ఐదు వందలు కొట్టించాను. రెండో ఏడు రెన్యూవల్ మెయిలు వేరే ఎక్కడో పడింది, నేను చూసుకోలేదు. ఒక కస్టమర్ ఫోన్ చేసి "మీ సైట్ తెరిస్తే ఏదో ప్రకటన వస్తోంది" అంటే గానీ తెలియలేదు. మూడు వందల కార్డులు ఇప్పటికీ అలమారాలో ఉన్నాయి, వెనకవైపు పాల లెక్కలు రాసుకుంటున్నాం.

కార్పొరేట్ పనులు, ప్రొడక్ట్ ఫొటోలు, ఎన్జీవోల పనులు కావాలనుకునేవాళ్లకి మాత్రం వెబ్‌సైటు కావాలి. అక్కడ మిమ్మల్ని చూసేవాడు భువనేశ్వర్‌లోనో ఢిల్లీలోనో కంప్యూటర్ ముందు ఉంటాడు. మీ లింకు ఇంకో ముగ్గురికి పంపుతాడు.

పీడీఎఫ్

దూరంగా ఉన్నవాళ్లకి పంపడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. వరస మీది, ముందూ వెనకా మీది. ఒక పేజీకి ఒకే ఫొటో, చుట్టూ తెల్ల ఖాళీ. అడ్డం పేజీ పెట్టండి, కంప్యూటర్లో నిండుగా కనపడుతుంది, ఫోన్ తిప్పినా కనపడుతుంది. ఫొటో పొడుగు వైపు 2000 పిక్సెళ్లు ఉంటే చాలు. అలా చేస్తే పద్నాలుగు పేజీల ఫైలు పది ఎంబీ లోపు వస్తుంది. జీమెయిల్ 25 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది కానీ అంత బరువు ఫైలు మొబైల్ డేటా మీద దించుకోమంటే చూసేవాడు విసుక్కుంటాడు.

ఫైలుకి పేరు సరిగ్గా పెట్టండి. 'ఫైనల్ 2 కొత్తది' అని వచ్చిన ఫైళ్లు నా ఫోన్‌లోనే అరడజను ఉన్నాయి, ఏది ఎవరిదో తెలియదు. మీ పేరు, ఊరు, నెల, ఏడాది, అంతే. మొదటి పేజీలో పేరు, చివరి పేజీలో ఫోన్ నంబరు.

వాట్సాప్‌లో విడి ఫొటోలుగా పంపితే యాప్ వాటిని కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. ఈ ఒక్క తేడా తెలియక నేనే ఒకసారి దెబ్బతిన్నాను. పోటీకి పంపమని ఒకాయనకి ఫొటో ఇచ్చాను, ఆయన వాట్సాప్‌లో వచ్చినదాన్నే పెద్ద సైజులో ప్రింట్ వేయించి గోడకి పెట్టారు. పట్టుచీర అంచు కుట్టు ఊడిన గోనెసంచిలా కనపడింది.

పీడీఎఫ్‌కి ఉన్న లోటు ఒకటే. అది అందుకున్నవాడి దగ్గర ఆగిపోతుంది. దాన్ని చూసి దారిన పోయేవాడు ఎవరూ మిమ్మల్ని పిలవరు.

ప్రింట్లు

"అందరి చేతుల్లో ఫోన్ ఉంది కదా, కాగితాలకి డబ్బు దండగ" అన్నాడు మా వాడు. కిందటేడు రాయగడలో నేను చూసింది వాడికి చెప్పాను. ఒక తెలుగు కుటుంబం, పెళ్లి ఇంకా రెండు నెలలుంది. హాల్లో పెళ్లికూతురు, అన్నయ్య నా టాబ్‌లో ఫొటోలు తోసుకుంటూ పోతున్నారు. ఒక్కో ఫొటో మీద కన్ను ఆగేలోపే తర్వాతిది వచ్చేస్తోంది. ఆమె నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నేను ప్రింట్ల పెట్టె ఆవిడ పక్కన పెట్టాను. చీర చెంగుతో వేళ్లు తుడుచుకుని ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచింది. అందరూ లేచి ఆవిడ చుట్టూ చేరారు. ఒక ఫొటో దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఇంకో పెళ్లిలో అప్పగింతలు అయ్యాక పెళ్లికూతురి తండ్రి పందిరి రాటకి ఆనుకుని, ఒంటి కాలి మీద నిలబడి, రెండో చెప్పు కోసం వెతుక్కుంటున్న ఫొటో. ఇన్‌స్టాలో దానికి పదకొండు లైకులు. "ఈ బాబునే పిలవండర్రా" అంది ఆవిడ.

ఇక పనిలోకి వద్దాం. సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. చాలా కెమెరాల్లో ఫొటో మూడుకి రెండు నిష్పత్తిలో ఉంటుంది, 8 బై 12 అంగుళాల సైజు దానికి అచ్చంగా సరిపోతుంది. ఫోన్ ఫొటో నాలుగుకి మూడు. దాన్ని 8 బై 12లో వేయమంటే ఒక వైపు నుంచి తొమ్మిదో వంతు పోతుంది, అది ఎవరి తల మీదుగా పోతుందో ల్యాబ్ కుర్రాడు చూడడు. ఫోన్ ఫొటోలకి 6 బై 8 అడగండి, లేదా మీరే కూర్చుని క్రాప్ చేసి ఇవ్వండి. 8 బై 12కి అంగుళానికి 300 చొప్పున 2400, 3600 పిక్సెళ్లు కావాలి, అంటే తొమ్మిది మెగాపిక్సెల్ కూడా నిండదు. మీ దగ్గరున్న కెమెరా ఏదైనా చాలు.

మెరుపు లేని మ్యాట్ కాగితం అడగండి. గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి, ట్యూబ్‌లైటు మెరుస్తుంది. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగులో ఇవ్వండి. ఆటో కరెక్షన్ వద్దని కౌంటర్లో చెప్పండి, కవరు మీద కూడా రాయండి. లేకపోతే మీరు కష్టపడి ఉంచిన చీకటిని మెషిన్ తెల్లగా చేసేస్తుంది. ఫోన్ స్క్రీన్ వెలుగు నిండా పెట్టి ఎడిట్ చేసినవాళ్లకి ప్రింట్లు నల్లగా వస్తాయి. అందుకే ముందు ఒకటి రెండు చిన్న సైజులో వేయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూసుకోండి.

పెట్టె కొనక్కర్లేదు. బరంపురం పట్టుచీర వచ్చే అట్టపెట్టెలో 8 బై 12 ప్రింట్లు చక్కగా పడతాయి, ఇంట్లో అడిగితే ఒకటైనా దొరుకుతుంది. మధ్య మధ్య బటర్ పేపర్ వేయండి. పెళ్లి ఆల్బమ్‌లా బైండ్ చేయించవద్దు. విడిగా ఉంటే వచ్చిన మనిషిని బట్టి నాలుగు తీసి వేరే నాలుగు పెట్టొచ్చు.

ఏ ఫొటోలు: కలగూరా, ఒకే కథా?

దేనిలో పెట్టాలన్నదాని పక్కనే ఈ ప్రశ్న కూడా వస్తుంది. స్టూడియో పనికి కలగలుపే మంచిది. నాలుగు పోర్ట్రెయిట్లు, మూడు గ్రూపు ఫొటోలు, రాత్రి వెలుతురులో రెండు, కదలిక ఉన్నవి రెండు, ఒక క్లోజప్. కాలేజీకి, పోటీలకి ఒకే విషయం మీద పన్నెండు ఉంటే మీ ఆలోచన తెలుస్తుంది.

కథ కోసం దూరం వెళ్లకండి. బరంపురంలో పట్టు నేసే వీధుల్లో మగ్గం చప్పుడు ఉంది. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలో వేషాలు వేసేవాళ్లు రంగు పూసుకోవడం, కడుక్కోవడం ఉన్నాయి. వేషం వేశాక తీసిన ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. కడుక్కునేటప్పటివి ఎవరి దగ్గరా ఉండవు. మా పర్లాకిమిడి రైలు ఉంది. 1900లో చిన్న గేజితో నౌపడా నుంచి మొదలైన లైను, తర్వాత గుణుపురం దాకా సాగి, బ్రాడ్‌గేజి అయింది. ఆ రైల్లో కూరగాయల గంపలతో ఎక్కే ఆడవాళ్ల మీద ఒక సెలవుల్లో మంచి కథ వస్తుంది.

పెళ్లిళ్లలో మనకి ఒక వీలుంది, విశాఖ వాళ్లకి లేనిది. ఒక వారం తెలుగు పెళ్లి, ఇంకో వారం ఒడియా పెళ్లి. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర ఎటు నుంచి దిగుతుందో తెలిసినవాళ్లే, ఒడియా పెళ్లిలో చేతులు కట్టే హాతగంఠి వేళ ఎక్కడ నిలబడాలో కూడా తెలుసుకుంటారు. రెండూ పోర్ట్‌ఫోలియోలో చూపించండి. రెండు రకాల ఇళ్లవాళ్లూ పిలుస్తారు.

ఒక్కటి మాత్రం కోపంగానే చెబుతాను. రాయగడ జిల్లా చాటికోణ బుధవారం సంతకి వెళ్లి డోంగ్రియా కొంధు గిరిజన ఆడవాళ్ల మొహం మీద లెన్స్ పెట్టి, ముక్కుపుడకలు లెక్కపెట్టేంత దగ్గరగా తీసుకొచ్చే ఫొటోలు. పేరు తెలియదు, అడగలేదు, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నా తీశారు. ఇలాంటివి ఇప్పటికే వేలు చూసినవాళ్లు మీదీ చూసి పేజీ తిప్పేస్తారు. పరిచయం చేసుకుని, అనుమతి అడిగి, ప్రింట్ వేసి తిరిగి ఇచ్చే ఓపిక ఉంటేనే ఆ పని పెట్టుకోండి. ఋషికుల్య నది ముఖద్వారంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో కూడా అంతే. ఆ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. రాత్రి ఫ్లాష్ వేస్తే తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు పాకుతాయి. అటవీ సిబ్బందిని అడగకుండా ఒడ్డుకి వెళ్లొద్దు.

అది మీ ఫొటోయేనా?

సెకండ్ కెమెరాగా వెళ్లినవాళ్లు ఇది తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఉద్యోగంలో భాగంగా తీసినదైతే యజమానిది. అంటే స్టూడియో తరఫున వెళ్లి తీసినది మీ పేజీలో పెట్టాలంటే స్టూడియోనీ అడగాలి, పెళ్లివారినీ అడగాలి. సొంతంగా బుకింగ్ తీసుకునేవాళ్లు రసీదు పుస్తకంలో ఒక వాక్యం అచ్చు వేయించుకోండి: "కొన్ని ఫొటోలను మా పనికి నమూనాగా చూపించడానికి మాకు అభ్యంతరం లేదు." కింద సంతకం. దీనికి ఇప్పటిదాకా నాతో ఎవరూ కాదనలేదు. అడగకుండా పెట్టినందుకు మాత్రం గొడవలు చూశాను.

ఎవరికి ఏది

ప్లస్ టూ అయ్యి కాలేజీ వైపు చూసేవాళ్లకి: హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వారి గాంధీనగర్ క్యాంపస్‌లో ఉన్నది పీజీ, కాబట్టి అది డిగ్రీ తర్వాతి మాట. ఊటీలో లైట్ అండ్ లైఫ్ అకాడమీ 2001 నుంచి నడుస్తోంది. ఎక్కడ ఏం అడుగుతారో ఆ ఏటి ప్రకటన చూసి పీడీఎఫ్ ఆ కొలతల్లో చేయండి. ఇంటర్వ్యూకి పిలిస్తే ప్రింట్లు పట్టుకెళ్లండి. ఒకే కథ పెట్టండి.

స్టూడియోలో పనికి వెళ్లేవాళ్లకి పీడీఎఫ్ ముందు, పిలిచాక ప్రింట్లు. ఎడిట్ చేయని రా ఫైళ్లు రెండు మూడు ఫోన్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉంచుకోండి. ఫొటోలో ఎంత మీది, ఎంత ప్రీసెట్‌ది, అంటే యాప్‌లో రెడీగా ఉన్న ఎడిట్‌ది, అని ఓనర్లు అడుగుతారు.

సొంతంగా పెళ్లి బుకింగులు కావాలంటే ఇన్‌స్టా, ప్రింట్లు రెండూ ఉండాల్సిందే. పిల్లలు పేజీ చూసి పిలుస్తారు, పెద్దవాళ్లు పెట్టె చూసి అడ్వాన్సు ఇస్తారు.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. 6 బై 8 ప్రింట్లు, పగటి వెలుతురు ఫొటోలు, అంతే. డిజిటల్ జూమ్ చేసినవి పెట్టొద్దు.

గుణుపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది, డిగ్రీ రెండో ఏడు. ఫొటోలు మా వాడివాటికంటే బాగుంటాయి, వాడికి ఈ మాట చెప్పలేదు. పబ్లిక్ అకౌంట్ అంటే ఇంట్లో వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. ఆమెకి పెట్టె, పీడీఎఫ్ సరిపోయాయి. ఫొటోలు తనవి, మొహం, ఇల్లు, నంబరు నెట్‌లో లేవు. ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లు కూడా ఫొటోలోంచి లొకేషన్ సమాచారం తీసేసి పెట్టండి. ఇంటి డాబా మీద తీసిన ఫొటోలోంచి ఇల్లు ఎక్కడో తెలిసిపోతుంది.

కింద రాసే మాట

ప్రతి ఫొటోకీ ఒక వాక్యం చాలు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. "నిశ్శబ్ద వేదన", "జీవన సంధ్య" లాంటి పేర్లు పెట్టకండి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మాట్లాడే తెలుగులో రాయడానికి ఇక్కడివాళ్లం మొహమాటపడితే ఎలా? "బరంపురం, మగ్గం దగ్గర కునుకు తీస్తున్న తాత, 2024 మే" అంటే సరిపోతుంది. పేరు, ఫోన్ నంబరు మాత్రం తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడు లిపుల్లోనూ వేయండి. ప్రింట్ల వెనక పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ అచ్చు ముందుకి పొడుచుకొస్తుంది.

మా వాడి పీడీఎఫ్ పన్నెండు ఫొటోలతో, డాక్యుమెంట్‌గా, అదే విశాఖ నంబరుకి వెళ్లింది. మూడో రోజు ఫోన్ వచ్చింది, రెండు పెళ్లిళ్లకి ట్రయల్‌గా రమ్మన్నారు. ఆరు నెలల్లో పెట్టెలో ఐదు ఫొటోలు మారాయి. లైట్‌హౌస్ ఇంకా అందులోనే ఉంది. నేను తీసెయ్యమంటూనే ఉన్నాను, వాడు వినడం లేదు.